మూటలు మోసే పనికి గుండె రీహాబ్: ఏడాది వాడాక

స్టెంట్ తర్వాత గుండెకు మళ్లీ బలం రావడానికి వ్యాయామాలు చేయించే కార్డియాక్ రీహాబ్ వారానికి మూడు రోజుల చొప్పున పన్నెండు వారాలు, అంటే 36 సిట్టింగులు. నడకకు దీన్ని మించింది లేదు. చిత్తూరు మండీలో మామిడి ట్రేలు ఎత్తే పనికైతే సగం మార్కులే. మిగతా సగం మనమే అడిగి చేయించుకోవాలి.

సెంటర్లో ఉండేది ట్రెడ్‌మిల్, సైకిల్. రెండూ కాళ్ల పనే. లారీ దగ్గర పనంతా చేతులది. అంతే శ్రమ చేతులతో చేస్తే నాడి, బీపీ ఇంకా ఎక్కువ లేస్తాయి. ట్రెడ్‌మిల్ మీద హాయిగా నడిచిన మనిషికి పదో ట్రే దగ్గరే ఆయాసం వచ్చేది అందుకే.

టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) రిపోర్టులో ‘మెట్స్’ అంకె చూడండి, ఒళ్లు ఎంత శ్రమ చేయగలదో చెప్పే కొలత అది. ఊరికే కూర్చుంటే 1. బ్రూస్ పద్ధతిలో, అంటే దశదశకూ ట్రెడ్‌మిల్ వేగం, ఏటవాలు పెంచే పరీక్షలో, రెండో దశ పూర్తయితే దాదాపు 7, మూడోది పూర్తయితే 10. బరువులు మోయడానికి 7, 8 కావాలి. రోజంతా చేసే పని సగటున మన గరిష్ఠంలో 40 శాతం దాటకూడదని లెక్క. కాబట్టి 10 తెచ్చుకున్నా సగటు 4 దాటకూడదు, వరసపెట్టి ఎత్తకూడదు. మధ్యమధ్య తూకం దగ్గరో చీటీల దగ్గరో నిలబడాలి.

బరువు సాధన 5 కిలోల ఇసుక డబ్బాతో మొదలు. నేల నుంచి నడుము దాకా 10 సార్లు, రెండు విడతలు. బోర్గ్ స్కేలు (ఎంత కష్టంగా ఉందో మనమే 6 నుంచి 20 లోపు చెప్పే అంకె) మీద కష్టం 13 దాటకుండా ఉంటే వారానికి ఒకటి రెండు కిలోలు పెంచడం. భుజం ఎత్తు ఆ తర్వాతే. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా లేస్తుంది. ‘హైస్సా’ అని అరిచే పాత అలవాటు ఇక్కడ మందులా పనిచేస్తుంది, అరుస్తూ ఊపిరి బిగబట్టలేం కదా. బైపాస్ వాళ్లకు ఎదురొమ్ము ఎముక అతకడానికే 8 నుంచి 12 వారాలు పడుతుంది. అంతవరకూ ఇవేవీ వద్దు.

మెటోప్రొలాల్ మాత్ర వేసుకునేవాళ్లకు గరిష్ఠ నాడి కోసం చెప్పే ‘220 లోంచి వయసు తీసేయ్’ లెక్క పనికిరాదు, మందు నాడిని పెరగనివ్వదు. నాడి చూపే చేతి వాచీ ట్రే పట్టుకోగానే తప్పు చూపిస్తుంది. ఛాతీకి కట్టుకునే నాడి పట్టీ నయం, కాకపోతే లోపలి మెత్తలు తడపకుండా కట్టుకుంటే మొదటి కొన్ని నిమిషాలు పిచ్చి అంకెలే. ఏడాదికి ఎలాస్టిక్ సాగిపోయింది. మే ఎండలో అదే బరువుకు నాడి ఎక్కువ కొట్టుకుంటుంది, సాధన అంకెలు అక్కడ నమ్మొద్దు.

‘అలిపిరి మెట్లెక్కి చూద్దాం’ అనే పరీక్ష మానండి. అవి 3,550 మెట్లు. గుండె జబ్బున్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీయే చెబుతోంది.

ఛాతీ పట్టేసినట్టుంటే ట్రే కింద పెట్టి, కూర్చుని, డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడి తల తిరుగుతుంది. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108.

సర్టిఫికెట్ మీద ‘ఫిట్’ అని ఒక్క మాట రాస్తే మేస్త్రీకి ఏమీ తెలీదు. ఎన్ని కిలోలు, ఎంత ఎత్తుకు, గంటకు ఎన్నిసార్లు అని రాయించుకోండి.