పిన్ అడగని సైనింగ్‌తో రెండేళ్లు

మేం విడుదల చేసే సాఫ్ట్‌వేర్ మీద డిజిటల్ సంతకం వేయడానికి (అదే కోడ్ సైనింగ్) రెండేళ్లుగా క్లౌడ్ సర్వీస్ వాడుతున్నాం. యూఎస్‌బీ టోకెన్‌తో, అంటే సంతకం కీ దాచి ఉంచే పెన్‌డ్రైవ్ లాంటి పరికరంతో, వేగినవాళ్లకి ఈ సుఖం విలువ చెప్పక్కర్లేదు. కోడ్ సైనింగ్ కీ హార్డ్‌వేర్‌లోనే ఉండాలన్న నిబంధన 2023 జూన్ 1 నుంచి వచ్చింది. అప్పటిదాకా బిల్డ్ సర్వర్లో (సాఫ్ట్‌వేర్ తయారయ్యే మెషీన్‌లో) ఓ మూల పడి ఉన్న పీఎఫ్‌ఎక్స్ ఫైలు, అంటే కీ, సర్టిఫికెట్ కలిపి ఉండే ఫైలు పోయి, సర్టిఫికెట్ రెన్యువల్‌తో పాటు మా నెత్తిన ఒక యూఎస్‌బీ టోకెన్ పడింది. బిల్డ్ పనులు చేసే ప్రోగ్రామ్ (బిల్డ్ ఏజెంట్) తెర వెనక సర్వీస్‌గా నడుస్తుంది కదా, టోకెన్ పిన్ అడిగే విండో ఎవరికీ కనబడని చోట తెరుచుకుని టైమవుట్ అయ్యేదాకా అలాగే కూర్చునేది. పోనీ రిమోట్ డెస్క్‌టాప్‌లో వెళ్లి కొడదామంటే ఆ సెషన్‌కి టోకెనే కనబడదు. రాత్రి రిలీజ్ అంటే ఎవరో ఒకరు ఆ మెషీన్ దగ్గర కాపలా. విండో రాగానే పిన్ టైప్ చేసే స్క్రిప్ట్ ఒకటి రాశాడు మా టీమ్‌లో ఒకతను. అది ఓ రోజు పిన్‌ని తీసుకెళ్లి టీమ్ చాట్‌లో కొట్టి ఎంటర్ కూడా నొక్కింది.

అందుకే క్లౌడ్ సైనింగ్‌కి మారిన రోజు పండగే. కీ ఆ సర్వీస్ వాళ్ల హెచ్‌ఎస్‌ఎమ్‌లో (కీలు భద్రపరిచే హార్డ్‌వేర్ పరికరంలో) ఉంటుంది, మన దగ్గర్నుంచి హ్యాష్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య, మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టాలర్ ఎంత పెద్దదైనా అప్‌లోడ్ గొడవ లేదు. "సెటప్ చేసి మరచిపోవచ్చు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. ఆ మాటలో రెండో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఏడాది తిరిగి మొదటి సర్టిఫికెట్ గడువు అయిపోయింది. కొత్తది ముందే తెచ్చి పెట్టుకున్నాం కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. మర్నాడు ఒక కస్టమర్ నుంచి మెయిల్: పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ నడిపితే 'తెలియని పబ్లిషర్' అంటోందని. గడువులోపు టైమ్‌స్టాంప్ (సంతకం ఎప్పుడు వేశారో ధ్రువీకరించే ముద్ర) పడిన సంతకం గడువు తర్వాత కూడా చెల్లాలి కదా! వరసగా పాత వెర్షన్లన్నీ పరీక్షించాను. రెండు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. ఆ రెండింటి మీద సైన్‌టూల్ (విండోస్‌లో సంతకాలు వేసే, సరిచూసే మైక్రోసాఫ్ట్ టూల్) వెరిఫై వివరంగా నడిపితే ఒక్క ముక్కలో చెప్పేసింది: ఈ ఫైలుకి టైమ్‌స్టాంప్ లేదు.

నేరస్థుణ్ణి నేనే. అరవై పైచిలుకు డీఎల్‌ఎల్‌లు (ప్రోగ్రామ్‌లో భాగమైన లైబ్రరీ ఫైళ్లు) ఒక్క ఊపులో సైన్ చేస్తుంటే, ప్రతి ఫైలుకీ టైమ్‌స్టాంప్ సర్వర్‌కి విడిగా ఓ అభ్యర్థన వెళ్తుంది. ఉచిత సర్వర్, అంత తాకిడికి అప్పుడప్పుడూ మొరాయించేది. బిల్డ్ ఫెయిలవుతోందని విసుగొచ్చి, మూడుసార్లు ప్రయత్నించాక టైమ్‌స్టాంప్ వదిలేసి సైన్ చేసెయ్యమని స్క్రిప్ట్‌లో నాలుగు లైన్లు చేర్చాను. బిల్డ్ పైప్‌లైన్ అంతా సవ్యమేనన్నట్టు పచ్చగా వెలుగుతూనే ఉంది. సంతకం చూస్తే ఆ రోజుకి సక్రమమే, అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు.

గడువు దాటాక టైమ్‌స్టాంప్ అతికించినా లాభం లేదు, దాని మీద పడేది ఇవాళ్టి తేదీ. ఆ రెండు వెర్షన్లనూ కొత్త సర్టిఫికెట్‌తో మళ్లీ సైన్ చేశాం. దాంతో ఫైలు హ్యాష్ మారింది, డౌన్‌లోడ్ పేజీలో ఫైలు సరైనదేనా అని చూసుకోడానికి పెట్టిన చెక్‌సమ్‌లూ మార్చాల్సి వచ్చింది. ఎందుకు మారిందని అడిగిన వాళ్లకి జవాబు రాయడానికి సైనింగ్ కంటే ఎక్కువ సమయం పట్టింది.

ఇప్పుడు ఆ నాలుగు లైన్లు లేవు. ప్రయత్నాల మధ్య విరామం పెంచాను, రెండో టైమ్‌స్టాంప్ సర్వర్ ఒకటి చేర్చాను, రెండూ కాదంటే బిల్డ్ ఆగిపోవాల్సిందే. చివర్లో వెరిఫై స్టెప్‌లో టైమ్‌స్టాంప్ లేకపోతే హెచ్చరించే ఆప్షన్ పెట్టాను. అప్పుడు సైన్‌టూల్ 2 అనే ఎగ్జిట్ కోడ్ (పని ముగిశాక ఇచ్చే ఫలితం సంఖ్య, సున్నా అంటే అంతా బాగుందని) ఇస్తుంది, సున్నా కాని దేన్నైనా ఫెయిల్‌గానే లెక్కేస్తున్నాను.

ఇంకో చిన్న నస: సంతకాల లెక్కన బిల్లు. మొదట్లో ఇతరుల లైబ్రరీలు కూడా, అప్పటికే సైన్ అయి ఉన్నవే, మళ్లీ సైన్ చేసి కోటా తగలేశాం.

వారానికి రెండు మూడు రిలీజులు, నలుగురం మనుషులం, మెషీన్ గదికి రాత్రిళ్లు వెళ్లే ఓపిక ఎవరికీ లేదు. మాకిది బాగానే కుదిరింది. ఏడాదికి రెండు రిలీజులు చేసేవాళ్లయితే టోకెన్‌తోనే నెట్టుకురావచ్చేమో. మాది మాత్రం డ్రాయర్లో ఉంది, పిన్ ఎవరికీ గుర్తులేదు. కావాలంటే పాత చాట్‌లో వెతకాలి.