అవలాంచ్ బీకన్ కొంటున్నారా? డబ్బు పంపే ముందు బ్యాటరీ మూత తీసి చూడండి

ఈ చలికాలం గుల్మార్గ్‌కో, ఔలీకో, సాంక్రీ మీదుగా మంచు ట్రెక్‌లకో బయల్దేరుతున్న హైదరాబాద్ వాళ్లకు ఒక హెచ్చరిక. మన వాట్సాప్ గ్రూపుల్లో అవలాంచ్ (మంచు చరియ) సేఫ్టీ కిట్ పేరుతో సెకండ్‌హ్యాండ్ సెట్లు తిరుగుతున్నాయి. అలా ఒకరి దగ్గర కొన్న సెట్‌ను విప్పి చూస్తే, బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లను వెతకడానికి ఒంటికి కట్టుకునే, సంకేతం పంపే, అందుకునే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి మడత కడ్డీ), పార మూడింటిలో ఒక్కటీ మంచులోకి తీసుకెళ్లేలా లేదు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. సరుకు ఎలా ఉందో చెప్తున్నాం, ఎవరు అమ్మినా మీరే పట్టుకోగలుగుతారు.

ముందు బీకన్. బ్యాటరీ మూత తీయగానే స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. గోటితో గీకితే కింద ఆకుపచ్చ చిలుము. ఆల్కలీన్ సెల్స్‌ను ఏళ్ల తరబడి లోపలే వదిలేస్తే కారేది ఇలాగే. గదిలో లైటు చక్కగానే వెలిగింది. కవర్లో చుట్టి అరగంట ఫ్రీజర్‌లో పెట్టి తీశాక మూత మీద వేలు నొక్కితే ఆగిపోయింది. పైగా అది ఒకే యాంటెన్నా ఉన్న పాత అనలాగ్ రకం. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఇలాంటి పాతవాటిలో ఆ ఫ్రీక్వెన్సీ కాస్త పక్కకు జరిగి, కొత్త డిజిటల్ సెట్లకు సరిగా అందకపోవచ్చు. అంటే మీరు కూరుకుపోతే మీవాళ్లకు మీరు దొరకరు.

కొందరు జాకెట్‌కు కుట్టిన రెక్కో ముక్కను (డిటెక్టర్ పంపే సంకేతాన్ని తిప్పి పంపే చిన్న రిఫ్లెక్టర్) చూపించి బీకన్ ఉన్నట్టే అంటున్నారు. కాదు. దానికి బ్యాటరీ ఉండదు, అది సంకేతం పంపదు. రెస్క్యూ వాళ్లు తమ డిటెక్టర్ తెచ్చాకే దానికి పని. మంచు కింద అంత టైం ఉండదు. 10 నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు, అరగంట దాటితే ముగ్గురే.

ఆ కిట్‌లోని పారకు ప్లాస్టిక్ బ్లేడు. జారి ఆగిన మంచు మెత్తగా ఉండదు, నిమిషాల్లో బిగుసుకుపోతుంది, ప్లాస్టిక్ విరుగుతుంది. అల్యూమినియం బ్లేడే కావాలి. ప్రోబ్ 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. లాగి బిగించి, పక్కకు వంచి చూడండి, జాయింటు వదులైతే వద్దు.

బీకన్‌ను కొనేముందు ఇలా పరీక్షించండి. మెట్రో లైనుకు, హైటెన్షన్ తీగలకు, కార్లకు దూరంగా ఖాళీ ప్లాటులో ఒకటి సెండ్‌లో నేల మీద పెట్టండి. రెండోది సెర్చ్‌లో పట్టుకుని 60 మీటర్ల నుంచి నడిచి రండి. మూడు యాంటెన్నాల డిజిటల్ సెట్ సుమారు 40 మీటర్ల దగ్గర అందుకోవాలి. నేల మీదున్నదాన్ని పొడవుగా, అడ్డంగా, నిలువుగా తిప్పి మూడుసార్లూ చూడండి. ఒక్క దిశలో దూరం బాగా పడిపోయినా తీసుకోకండి. వెతికే బీకన్‌కు ఫోన్, స్మార్ట్‌వాచ్ అర మీటరు దూరంలో ఉండాలి, లేదంటే తప్పుడు రీడింగు వస్తుంది. సీరియల్ నంబరు అడిగి తీసుకుని, కంపెనీ సైట్‌లో రికాల్ ఉందేమో చూడండి. నంబరు ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి.

ప్యాకేజీలు అమ్మేవాళ్లలో కొందరు గైడు దగ్గర బీకన్ ఉందని భరోసా ఇస్తున్నారు. మీ ఒంటి మీద లేకుండా గైడు దగ్గరుండి లాభమేమిటి? ప్రతి ఒక్కరికీ మూడు వస్తువులూ ఉండాలి, వాటితో వెతకడం ముందే సాధన చేసి ఉండాలి. దారిలో వాలు ఎంతో డిగ్రీల్లో అడగండి. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే తెగుతాయి. చదునులోనే నడుస్తున్నామన్న ధైర్యం కూడా చాలదు, పైనున్న వాలు కిందికి దిగుతుంది. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర మంచు వచ్చి పడింది కార్మికుల కంటైనర్ల మీదే, 8 మంది చనిపోయారు.

భారీగా మంచు కురిశాక, గాలి మంచును తోసి పోగేశాక తొలి 24 నుంచి 48 గంటలు వాలులకు దూరంగా ఉండండి. కాలు వేయగానే కింద గుబుక్కుమని పొర కూలిన శబ్దం వచ్చినా, మంచు మీద పగుళ్లు పరుగెత్తినా వెంటనే వెనక్కి తిరగండి. చండీగఢ్‌లోని డీజీఆర్ఈ (మంచు చరియలను అంచనా వేసే రక్షణ పరిశోధన సంస్థ) ఇచ్చే హెచ్చరికల బులెటిన్‌ను ప్రతి ఉదయం చూడమని గైడుకు చెప్పండి. ప్రమాదం ఉన్నరోజు ట్రెక్ ఆపితే డబ్బు సంగతేంటో బుక్ చేసేటప్పుడే రాయించుకోండి.

మంచి సెట్ దొరికితే, ఇంటికి తిరిగొచ్చిన రోజే బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి.