పాత రాతి ఇంటికి సిమెంటా, సున్నమా? ఏది మేలు?

పెన్సిల్వేనియాలో పాత రాతి ఫార్మ్‌హౌస్ కొన్న మనవాళ్ళు, కొందామని చూస్తున్నవాళ్ళు ఈమధ్య నన్ను అడిగేది ఒకటే, "రాళ్ళ సందుల్లో ఉన్నది పొడిపొడిగా రాలిపోతోందండీ, సిమెంట్ పెట్టించాలా, సున్నమా?" అని. మాది బక్స్ కౌంటీలో ఒక రాతి ఇల్లు, పక్కనే బార్ను, అంటే పశువులకీ గడ్డికీ కట్టిన పెద్ద కొట్టం. ఇంటి దక్షిణం గోడకి మాకంటే ముందున్నవాళ్ళు సిమెంట్ పెట్టించారు, బార్నుకి మేం సున్నం పెట్టించాం, అందుకే రెండూ పక్కపక్కనే చూస్తున్నాం.

సిమెంట్‌కి మంచి లేకపోలేదు. తొందరగా గట్టిపడుతుంది, ఏ మేస్త్రీ అయినా చేస్తాడు, ఖర్చు తక్కువ. కానీ మేం దిగిన మొదటి మార్చిలో మంచు కరిగాక చూస్తే ఆ గోడ కింద అప్పడాల్లాంటి రాతి పెచ్చులు పడున్నాయి. తలెత్తి చూస్తే సిమెంట్ గీతలు పక్కటెముకల్లా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, వాటి మధ్య రాయి లోపలికి అరిగిపోయింది. చెయ్యి పెడితే ఇసుకలా రాలింది. నిజంగా ఏడుపొచ్చింది.

కారణం చెమ్మ. ఈ గోడలు దాదాపు రెండడుగుల మందం, బయటొక రాతి వరస, లోపలొక వరస, మధ్యలో చిన్నరాళ్ళు, మట్టి, సున్నం. వానకీ నేల నుంచీ చెమ్మ ఎలాగూ ఎక్కుతుంది, ఆపలేం, అది బయటికి ఎటు పోతుందన్నదే అసలు సంగతి. సందుల్లో సున్నం ఉంటే ఆ సందులోంచే ఆరిపోతుంది. సిమెంట్ ఉంటే అక్కడ దారి మూసుకుపోయి చెమ్మంతా రాయిలోకి పోతుంది, జనవరిలో అది గడ్డకట్టి ఉబ్బి రాయి మొహం ఊడగొడుతుంది. సున్నం అరిగితే మళ్ళీ నింపుకోవచ్చు, రాయి పోతే ఎవరు తెచ్చిస్తారు? నాకు ఇదొక్కటే చాలు.

ఇంకోటి, ఇక్కడ పోర్ట్‌లాండ్ సిమెంట్, అంటే ఇప్పుడు మనం మామూలుగా వాడే సిమెంట్, తయారీ మొదలైందే 1870ల్లో, పక్కనే లీహై వ్యాలీలోని కోప్లేలో డేవిడ్ సేలర్ 1871లో పేటెంట్ తీసుకున్నాడు. 1700ల్లో కట్టిన గోడకి ఆ సిమెంటే తెలీదు. మన ఊళ్ళలో ఎద్దుల గానుగలో సున్నం ఇసుక నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి కట్టిన గోడలు గుర్తున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

బార్నుకైతే ఇంకా ముఖ్యం. మాది బ్యాంక్ బార్ను, అంటే ఏటవాలు నేలలోకి దిగేసి కట్టింది, ఎగువ నుంచి బండి నేరుగా పై అంతస్తులోని కళ్ళంలోకి వెళ్ళిపోతుంది, కింద పశువుల కొట్టం, ముందువైపు పై అంతస్తు కొట్టం మీదికి చూరులా పొడుచుకొచ్చి ఉంటుంది. వెనక గోడ మట్టికి ఆనుకునే ఉంటుంది కాబట్టి చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. పక్క గోడల్లో బయటికి సన్నగా, లోపలికి వెడల్పుగా నిలువు చీలికలు వదిలారు, గడ్డికి గాలాడాలని. ఇంత ఆలోచించి కట్టిన గోడకి సిమెంట్ పూసి ఊపిరి ఆపడం నాకు మనసొప్పలేదు.

సున్నంతో కష్టాలు ఉన్నాయి. 40 ఫారెన్‌హీట్ కంటే చలి ఉంటే పని ఆపాలి, కొన్ని రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి, పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం, మాకు దొరకడానికే నెలలు పట్టింది. మట్టికి ఆనుకున్న వెనక గోడకి మాత్రం తడిలోనూ గట్టిపడే నాచురల్ హైడ్రాలిక్ లైమ్ అనే రకం సున్నం వాడాం.

బస్తాల్లో దొరికే టైప్ ఎన్ అనే రెడీమేడ్ మోర్టార్‌లోనూ సిమెంట్ ఉంటుంది, మెత్తటి రాయికి వద్దు. పైన పూసే వాటర్‌ప్రూఫ్ సీలర్ అసలొద్దు.

ఇప్పటికే సిమెంట్ ఉంటే మొత్తం పీకించకండి, గట్టిగా పట్టుకున్నచోట పీకితే రాయి అంచులు కూడా ఊడొస్తాయి. వదులైనచోట మాత్రం ఉలీ సుత్తితో తీయించండి, గ్రైండర్ పెట్టనివ్వకండి. మేం దక్షిణం గోడ అలాగే మే నెలలో మొదలుపెడుతున్నాం, ఎవరైనా వచ్చి చూస్తానంటే రండి.