కుపర్టినో డి ఆంజా కాలేజీ: ఒకే ఇంట్లో ముగ్గురం చదివాక

మన తెలుగువాళ్లలో కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ, అనగానే మొహం అదోలా పెట్టేవాళ్లే ఎక్కువ. మార్కులు రానివాళ్లు, ఇంకెక్కడా సీటు దొరకనివాళ్లు చేరే చోటని ఒక గట్టి నమ్మకం. కాలిఫోర్నియాలోని కుపర్టినోకి కాపురానికొచ్చిన కొత్తలో నాకూ ఇదే చెప్పారు. ఆ తర్వాత ఈ ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీ డి ఆంజాలో నేను అకౌంటింగ్ చదివాను, మా ఆయన ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు ప్రోగ్రామింగ్ క్లాసులకి వెళ్లారు, ఇప్పుడు మా అబ్బాయి హైస్కూల్లో ఉంటూనే అక్కడ లెక్కలు చదువుతున్నాడు. ఇన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మా ప్రాపర్టీ టాక్స్ బిల్లులో డి ఆంజాని నడిపే కాలేజీల జిల్లాకని వేసే లైను చూసినప్పుడు దండగ అని ఒక్కసారీ అనిపించలేదు. 2020లో ఓటర్లు ఆమోదించిన 89.8 కోట్ల డాలర్ల బాండు (కాలేజీ భవనాల కోసం తీసుకునే అప్పు) ఆ లైన్లోదే.

స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీద, 85వ హైవే పక్కనే 112 ఎకరాల్లో ఉంటుందీ కాలేజీ. 1967లో తెరిచారు. అప్పటికి ఈ లోయలో, అంటే ఇప్పటి సిలికాన్ వ్యాలీలో, ఇంకా ఆప్రికాట్, ప్లమ్ తోటలుండేవి. ఆపిల్ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ బర్క్‌లీ యూనివర్సిటీకి వెళ్లకముందు ఇక్కడ చదివాడు. 1984 జనవరి 24న ఆపిల్ తన మొదటి మాకింటాష్ కంప్యూటర్‌ని లోకానికి చూపించింది ఈ క్యాంపస్‌లోని ఫ్లింట్ సెంటర్లోనే. ఆ హాలుని 2019లో మూసేశారు, ఊరికి అది నిజంగా లోటే. ఇవన్నీ చెప్పుకోడానికి బాగుంటాయి కానీ, కాలేజీ చేసే అసలు పని ఇది కాదు.

1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకి ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. హైస్కూలు పిల్లల్లో పై ఎనిమిదో వంతుకి యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు), పై మూడో వంతుకి స్టేట్ యూనివర్సిటీలు, మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీలు. అందరికీ అంటే నిజంగానే అందరికీ. ఎంట్రన్స్ లేదు, ర్యాంకు లేదు, వయసు అడగరు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనకి ఇది మింగుడుపడటానికి టైమ్ పడుతుంది. సీటు సులువుగా దొరికితే చదువు కూడా పలచగా ఉంటుందనుకుంటాం. లోపలికెళ్లి కూర్చుంటే గానీ తెలియదు.

నేను హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద వచ్చాను. 2015 దాకా మాకు ఉద్యోగం చేసే వీలే లేదు, చదువుకునే వీలు మాత్రం ఉండేది. మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్లు చాలామంది ఒక ప్రైవేటు ట్రైనింగ్ సెంటర్‌కి వేల డాలర్లు కట్టారు. నేనూ కొన్నాళ్లు వెళ్లాను. వాళ్లు చేతికిచ్చింది ప్రింటౌట్ల కట్ట, చేయని ఉద్యోగాలు చేసినట్టు రాసిన రెజ్యూమె. అది నాకు నచ్చక మానేశాను. డి ఆంజాలో కాలిఫోర్నియా నివాసులకి యూనిట్‌కి (కోర్సుల్ని లెక్కించే కొలత, క్రెడిట్ లాంటిది) 31 డాలర్లే. ఐదు యూనిట్ల అకౌంటింగ్ కోర్సుకి 155 డాలర్లు, పైన చిల్లర ఫీజులు. ఒక్కోసారి పుస్తకం ఖరీదే ఫీజుని మించుతుంది. ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నట్టు అద్దె కాగితాలు, లైసెన్సు, టాక్స్ రిటర్న్ చూపిస్తే హెచ్4 వాళ్లకీ అదే ఫీజు. ఇది తెలియక నాన్‌రెసిడెంట్ ఫీజు చూసి వెనక్కి తగ్గినవాళ్లు నాకు తెలుసు, అందుకే నొక్కి చెబుతున్నాను.

తెనాలిలో బీకాం, తర్వాత ఎంకాం చేసొచ్చినదాన్ని, డెబిట్లూ క్రెడిట్లూ నాకు కొత్త కాదు. కానీ ఆ సాయంత్రం క్లాసుల్లో చెప్పిన తీరు కొత్త. ఒకసారి మేడమ్ ఒక చిన్న షాపు లెక్కలిచ్చి ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం సరిపోయాయో చూసే పట్టిక) కలపమన్నారు. 90 డాలర్లు తేడా వచ్చింది. అందరం మొదటి ఎంట్రీ నుంచి వెతకడం మొదలుపెట్టాం. నా పక్కన కూర్చున్న వియత్నామీస్ ఆవిడ, సొంతంగా నెయిల్ సెలూన్ నడుపుతుంది, పెన్ను కింద పెట్టి, "90 తొమ్మిదితో పోతుంది కదా, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి" అంది. నిజమే, 540 ఉండాల్సిన చోట 450 పడింది. మేడమ్ ఆవిణ్ని బోర్డు దగ్గరికి పిలిచి, మిగతా క్లాసంతా ఆవిడ చేతే చెప్పించారు. మా ఊరి రైసు మిల్లు గుమస్తాగారికీ ఈ కిటుకు తెలుసు. నా ఎంకాం క్లాసులో మాత్రం అలాంటి మనిషి నా పక్కన కూర్చునే అవకాశమే లేదు.

అప్పట్లో కాలిఫోర్నియాలో సీపీఏ (మన సీఏ లాంటి అకౌంటెంట్) లైసెన్సుకి 150 సెమిస్టర్ యూనిట్లు చూపించాలి, అందులో ఎథిక్స్‌కే పది ఉండాలి. ఇండియా డిగ్రీని లెక్కగట్టించాక తక్కువపడినవి నేను ఇక్కడే పూర్తి చేశాను. డిగ్రీ చేతిలో ఉండి, లైసెన్సుకి కావాల్సిన కోర్సుల కోసం వచ్చినవాళ్లు నాలాగా క్లాసులో ఇంకా ఉండేవారు.

కుపర్టినో ఖరీదైన ఊరు. ఇక్కడి ఇళ్ల ధరలు చూసి, కాలేజీలో కూడా ఆ ఇళ్ల పిల్లలే ఉంటారనుకుంటే పొరపాటు. 23వ నంబరు బస్సు తూర్పు సాన్ హోసేలోని ఆలమ్ రాక్ నుంచి స్టీవెన్స్ క్రీక్ మీదుగా ఇక్కడిదాకా వస్తుంది. పొద్దున్నే ఆ బస్సు ఖాళీ అవుతుంటే చూడాలి: రాత్రి షిఫ్టు చేసొచ్చినవాళ్లు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు. ఆటో మెకానిక్ కోర్సులు, నర్సింగ్, చిన్నపిల్లల చదువుకి సంబంధించిన కోర్సులు వీళ్లని నేరుగా ఉద్యోగాల్లోకి పంపుతాయి. ప్రీస్కూల్ టీచరు కావాలనుకునే మన ఆడవాళ్లు ఈ చివరి కోర్సులు తప్పకుండా చూడండి. ఆపిల్‌లో ఇంజనీరూ, ఆయన కారు బాగుచేసే కుర్రాడూ, ఆయన పాపకి అక్షరాలు దిద్దించే టీచరూ ఒకే క్యాంపస్‌లో చదివుండటం ఈ చుట్టుపక్కల మామూలు సంగతి.

ఇక మన పిల్లల విషయం. మా పక్కింటి వదినగారి అమ్మాయి హైస్కూల్ అయ్యాక ఇక్కడ చేరింది. ఆ ఏడాది ఉగాది భోజనాల దగ్గర ఎవరడిగినా వదినగారు "ఇక్కడే, కుపర్టినోలోనే చదువుతోందండీ" అనేసి ఊరుకునేవారు, కాలేజీ పేరు ఎత్తేవారు కాదు. ఆ పిల్ల పక్కనే నిలబడి వింటుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. రెండేళ్లకి తను టాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) ఒప్పందం మీద యూసీ డేవిస్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీలు చెప్పిన కోర్సులు, చెప్పిన గ్రేడ్లతో పూర్తిచేస్తే సీటు ఖాయమని ముందే రాసిస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఇందులో లేవు, వాటికి అందరితో పాటే పోటీ. చివరికి చేతికొచ్చే డిగ్రీ మీద యూసీ పేరే ఉంటుంది, మొదటి రెండేళ్ల ఫీజు మాత్రం నాలుగో వంతు కూడా కాదు. ఇందులో దాచిపెట్టాల్సింది ఏముంది?

ఇబ్బందులు లేవనను. అన్నిటికంటే పెద్దది క్వార్టర్ పద్ధతి. రాష్ట్రంలో చాలా కమ్యూనిటీ కాలేజీలు సెమిస్టర్లలో నడుస్తాయి, ఇక్కడ పన్నెండు వారాల్లో ఫైనల్స్‌తో సహా అయిపోవాలి. మూడో వారానికే మిడ్‌టర్మ్ టెన్షన్ మొదలవుతుంది. ఒక వారం జ్వరమొస్తే అందుకోవడం కష్టం. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు ఒకేసారి రెండు కోర్సులకి మించి పెట్టుకోవద్దని నా గట్టి సలహా. మా ఆయన ఎప్పుడూ ఒక్కటే తీసుకునేవారు, అది కూడా ఆఫీసులో రిలీజులు లేని క్వార్టర్ చూసుకుని. లెక్కలూ సైన్సూ అర్థం కాకపోతే ట్యూటరింగ్ రూములు ఉచితం. అక్కడ చెప్పేది చాలావరకు ఆ కోర్సు అంతకుముందే పూర్తిచేసిన విద్యార్థులే, కాబట్టి ఎక్కడ తడబడతామో వాళ్లకి తెలుసు.

హైస్కూల్ పిల్లలకి పార్ట్‌టైమ్‌గా యూనిట్ల ఫీజు లేదు. ఉచితం కదా అని పక్కవాళ్లని చూసి తోసేయకండి. ఇక్కడ వచ్చే గ్రేడు శాశ్వతంగా రికార్డులో ఉంటుంది, రేపు యూనివర్సిటీకి అప్లై చేసినప్పుడు అదీ చూపించాలి. మావాడు కాల్‌క్యులస్ తనే అడిగి చేరాడు కాబట్టి సాగుతోంది.

ఇండియా నుంచి ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద నేరుగా ఇక్కడికి రావాలనుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఆలోచించాలి. వాళ్లకి ఫీజు కొన్ని రెట్లు ఎక్కువ, క్వార్టర్‌కి పన్నెండు యూనిట్లు తప్పనిసరి, ఇంటి అద్దెలు ఈ దేశంలోనే అత్యధికంగా ఉండే చోట్లలో ఒకటిది. యూసీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలన్న స్పష్టమైన ప్లాన్, నాలుగేళ్లకీ సరిపడా డబ్బు ఉంటే మంచి దారే. అమెరికా వెళ్తే చాలనుకుని పొలం అమ్మి మాత్రం రావద్దు.

రిజిస్ట్రేషన్ గురించి ఒక్క మాట. కొత్తవాళ్లకి డేటు చివర్లో వస్తుంది, మంచి టీచర్ల సెక్షన్లు అప్పటికే నిండిపోతాయి. అయినా వెయిట్‌లిస్టులో పేరు పెట్టి, మొదటి రోజు క్లాసుకి వెళ్లి కూర్చోండి. ఆ వారంలో మానేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఆ ఖాళీల్లోకి టీచర్లు యాడ్ కోడ్ ఇచ్చి చేర్చుకుంటారు. నా అకౌంటింగ్ క్లాసులు సగం అలా దొరికినవే.