కోడంబాక్కంలో ఒక అద్దె హాలు, దాని వరండా

కోడంబాక్కం పవర్ హౌస్ బస్టాపులో దిగి ఐదు నిమిషాలు నడిస్తే, ఒక జిరాక్సు షాపు పైన మొదటి అంతస్తులో చిన్న హాలు ఒకటి ఉంది. దాన్ని మేము 2025లో రెండు ఆదివారాలు, మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో మరొకసారి, పూటకింత అని మాట్లాడుకొని అద్దెకు తీసుకున్నాం. తన హాలుకు రాజకీయ సభలు జరిగే చోటనే పేరు రావడం ఇష్టం లేదని యజమాని ముందే చెప్పారు కాబట్టి దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ట్యూషన్లకూ, సీమంతాలకూ, పుట్టినరోజులకూ ఇచ్చే ఇటువంటి హాళ్లు ఆ చుట్టుపక్కల మరికొన్ని ఉన్నాయి. వాటిలో దేన్ని తీసుకున్నా ముందుగా ఏమేమి చూసుకోవాలో మా అనుభవం చెబుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

మేము చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లం, సీపీఎం సభ్యులం కొందరు, సానుభూతిపరులం కొందరు, మొత్తం ముప్పై మందిమి. బ్యాంకుల్లోనూ ఎల్ఐసీలోనూ పనిచేసి రిటైరైనవారు, పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో ఇంకా డ్యూటీకి వెళుతున్నవారు, పాత మహాబలిపురం రోడ్డు మీది ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు మాలో ఉన్నారు. మా శాఖల్లో చర్చ అంతా తమిళంలోనే జరుగుతుంది. అది అందరికీ అర్థమవుతుంది గాని, కోపం వచ్చినప్పుడు మాట తెలుగులోనే వస్తుంది. ఏప్రిల్ 2 నుంచి 6 వరకు మదురైలో జరగబోయే 24వ అఖిల భారత మహాసభ కోసం విడుదలైన ముసాయిదా రాజకీయ తీర్మానాన్ని ఒకసారి తెలుగులో కూర్చుని చదువుకోవాలని అనుకున్నాం. మహాసభకు రెండు నెలల ముందే ముసాయిదాను బయటపెట్టడం, దాని మీద సవరణలు పంపే హక్కు ప్రతి సభ్యుడికీ ఉండడం ఈ పార్టీలో ఉన్న మంచి పద్ధతి. సీపీఐ, సీపీఎం రాష్ట్ర కార్యాలయాలు రెండూ పక్కనే టి. నగర్‌లో ఉన్నా, మాది శాఖా సమావేశం కాదు, కేవలం స్టడీ సర్కిల్ కాబట్టి, ఎవరినీ అడగకుండా చందాలు వేసుకొని ఈ హాలు మాట్లాడుకున్నాం.

నాలుగు గంటలకు అద్దె 2,400 రూపాయలు, అడ్వాన్సు 1,000. ఏసీ వేసుకుంటే అదనం. మేము వేయించుకోలేదు, ఉన్న నాలుగు ఫ్యాన్లూ బాగానే తిరిగాయి. నలభై ప్లాస్టిక్ కుర్చీలలో విరిగినది ఒక్కటీ లేదు, బాత్‌రూము శుభ్రంగా ఉంది, తాగే నీళ్లకు క్యాను పెట్టారు. మెట్లు మాత్రం ఇరుకు, పట్టుకోవడానికి ఒక పక్క కమ్మీ కూడా లేదు. మాలో డెబ్బై దాటిన వాళ్లను ఇద్దరేసి పట్టుకొని ఎక్కించాల్సి వచ్చింది. మైకు ఉంది గాని, అంత చిన్న గదిలో అది లేకపోవడమే మేలు. మొదటి వక్త ‘సామ్రాజ్యవాదం’ అన్న మాట అనగానే ఆ మాటే గోడకు కొట్టుకొని రెండోసారి వినిపించింది. పది నిమిషాల్లో మైకు ఆపేసి, ముసాయిదా చదవడం, సవరణలు రాసుకోవడం అనుకున్న రెండు గంటల్లో పూర్తి చేశాం.

ఈ హాలులో అద్దెకు తగిన విలువ నిజంగా ఉన్నది వరండాలో. వీధి వైపు పొడవుగా, వేపచెట్టు కొమ్మ ఆనుకొని ఉండే ఆ వరండాలో పదిహేను మంది నిలబడవచ్చు, పిట్టగోడ మీద టీ గ్లాసులు పెట్టుకోవచ్చు. కింద ఉన్న టీ కొట్టు నుంచి క్యాను, శనగల సుండల్ కేర్‌టేకరే తెప్పించి పెడతారు. దానికి విడిగా కమిషన్ ఏమీ తీసుకోలేదు. అజెండాలో లేని విషయమే అందరి మనసులోనూ ఉన్నప్పుడు ఇటువంటి వరండా ఎంత అవసరమో ఆ రోజు తెలిసింది.

ఆ విషయం తర్వాతి ప్రధాన కార్యదర్శి ఎవరన్నది. 2024 సెప్టెంబర్ 12న సీతారాం ఏచూరి మరణించాక మదురై మహాసభ వరకు ప్రకాశ్ కరత్ తాత్కాలికంగా సమన్వయకర్త బాధ్యత చూశారు. నిజానికి ఏచూరి బతికి ఉన్నా మదురైలో మార్పు దాదాపు ఖాయమే. ప్రత్యేక పరిస్థితిలో తప్ప ఎవరూ మూడు దఫాలకు మించి ఆ పదవిలో కొనసాగరాదన్న నియమాన్ని 2012లో కోళికోడ్ మహాసభ చేర్చింది. విశాఖపట్నం, హైదరాబాద్, కన్నూర్ మహాసభలలో వరుసగా ఎన్నికైన ఏచూరికి అది మూడో దఫా. అయితే సామాన్య సభ్యుడికి ఈ ఎంపికలో నేరుగా ఓటు లేదు. మహాసభ ప్రతినిధులు కేంద్ర కమిటీని ఎన్నుకుంటారు, ఆ కమిటీ ప్రధాన కార్యదర్శినీ, పై స్థాయి నాయకత్వ బృందమైన పొలిట్‌బ్యూరోనూ ఎన్నుకుంటుంది. పోటీదారులు తమ పేర్లు ప్రకటించుకొని ప్రచారం చేసుకునే పద్ధతి ఈ పార్టీలో లేదు. అలాగని సభ్యులకు అభిప్రాయం లేకుండా పోతుందా? అది టీ దగ్గర బయటపడుతుంది.

బ్యాంకులో రిటైరైన మా పెద్దాయన ఒకరు గ్లాసు పిట్టగోడ మీద పెట్టి బి. వి. రాఘవులు పేరు ఎత్తారు. ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం రాష్ట్ర కార్యదర్శిగా నిర్మాణం పని చూసిన మనిషి, ఏ విషయాన్నయినా లెక్కలతో విడమరిచి చెప్పగలిగిన మనిషి అన్నది ఆయన వాదన. తెలుగువాడన్న మాట ఆయన నోటితో అనలేదు గాని, 1964లో పార్టీ చీలినప్పుడు ఇటు పుచ్చలపల్లి సుందరయ్య, అటు చండ్ర రాజేశ్వరరావు, రెండు పార్టీలకూ ప్రధాన కార్యదర్శులు తెలుగువాళ్లేనని గుర్తు చేయడంలో ఆ మాట వినిపించనే వినిపించింది. ఐటీలో పనిచేసే అమ్మాయి వెంటనే అడ్డుపడింది. “తాతగారూ, 2024లో మన రెండు రాష్ట్రాల నుంచి పార్లమెంటుకు ఎంతమందిని పంపాం? ఒక్కరిని కూడా లేదు కదా” అంది. చట్టసభ సభ్యుడు కాకుండానే కరత్ 2005 నుంచి 2015 వరకు ఆ బాధ్యత నిర్వహించలేదా అని పెద్దాయన తిప్పికొట్టారు. ఆ తిప్పికొట్టడంలో బలం ఉంది గాని, ఆ పదేళ్లలో పార్టీ లోక్‌సభ బలం 43 నుంచి 9కి పడిపోయిందని మరొకరు గొణగడంతో ఆయన సుండల్ పొట్లం విప్పుకున్నారు.

ఆ అమ్మాయి ఎంపిక అశోక్ ధావలే. 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబైకి వేలాది ఆదివాసీ రైతులు ఎర్రజెండాలతో నడిచి వెళ్లినప్పుడు, అరిగిన చెప్పులతో, పగిలిన పాదాలతో ఉన్న వాళ్ల ఫొటోలు చూసే తాను పార్టీ వైపు వచ్చానని చెప్పింది. ఆ యాత్ర నడిపిన రైతు సంఘం కిసాన్ సభకు అధ్యక్షుడైన ఆయనే ప్రధాన కార్యదర్శి అయితే ప్రజా ఉద్యమమే పార్టీకి ముఖమవుతుందన్నది ఆమె ఆలోచన. కేంద్ర కమిటీకి వయోపరిమితి 75 ఏళ్లు కాబట్టి ఆయనకు దక్కే కాలం తక్కువన్న అభ్యంతరం వచ్చింది. అప్పుడామె ఇంకో ప్రశ్న వేసింది. 1964 నుంచి ఇప్పటివరకు ఒక్క మహిళ కూడా ఆ పదవిలోకి ఎందుకు రాలేదు? బృందా కరత్ 2005లో పొలిట్‌బ్యూరోకు వచ్చిన తొలి మహిళ. ఆమె కూడా ఈసారి వయోపరిమితి దాటారు. పొలిట్‌బ్యూరోలోకి తొలి దళితుడు, రామచంద్ర డోమ్, వచ్చింది 2022లో. దీనికి వరండాలో ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు. నా దగ్గర కూడా లేదు.

ఐసీఎఫ్ కామ్రేడ్ ఎం. ఎ. బేబీ వైపు. అప్పటికి ప్రభుత్వం మిగిలింది ఒక్క కేరళలోనే, బేబీ అక్కడి విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చి, రాజ్యసభలో ఉండి, 2006 నుంచి 2011 వరకు విద్యామంత్రిగా పనిచేసిన మనిషి, పైగా పాటకూ నాటకానికీ ఇంట్లో చోటిచ్చిన మనిషి అని ఆయన చెప్పారు. ఇక్కడే ఆ రోజు చర్చ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన మాట వచ్చింది. ఎల్ఐసీలో పనిచేసిన ఒకావిడ 2024లో గెలిచిన నాలుగు లోక్‌సభ స్థానాలనూ వేళ్ల మీద లెక్కపెట్టారు. మదురై, దిండిగల్, రాజస్థాన్‌లోని సీకర్, ఈ మూడింటిలోనూ కాంగ్రెస్ మన కూటమిలోనే ఉంది. నాలుగోది ఆలత్తూరు, అక్కడ మనం ఓడించింది కాంగ్రెస్‌నే. కాబట్టి ఎవరు అన్నదానికంటే ముందు, నాలుగు వేళ్లలో మూడు ఒకవైపూ ఒకటి ఇంకోవైపూ చూపిస్తున్న ఈ చేతిని ఎవరు సరిగా ముడవగలరో చూడాలన్నారు. కేరళ నాయకుడైతే ఆ నాలుగో వేలు బరువు పెరుగుతుందని ఆమె భయం. కేరళ నాయకుడైతేనే ఆ రాష్ట్రానికి నచ్చజెప్పగలడని ఐసీఎఫ్ కామ్రేడ్ ధీమా. ఆ వాదన తెగలేదు.

గొంతులు పెరిగాయి. పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకామె కేర్‌టేకర్‌ను పిలిచి గట్టిగా అడగడంతో, ఆయన వచ్చి మమ్మల్ని లోపలికి వెళ్లమన్నారు. నాయుడుపేట వైపు ఆయన, మాట మెత్తన. వరండా తలుపు మూస్తే లోపల ఎంత అరిచినా వీధిలోకి వినిపించదని భరోసా కూడా ఇచ్చారు. అది నిజమే. లోపలికి వచ్చిన ఊపులో అమ్మాయి బోర్డు దగ్గరకు వెళ్లి రాఘవులు, ధావలే, బేబీ అని మూడు పేర్లు పక్కపక్కన రాసి, కింద అనుకూలం, ప్రతికూలం అని గీతలు గీసింది. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన కంగారుగా లేచి, “అమ్మా, ఇది మన అజెండా కాదు, తుడిచెయ్” అన్నారు. ఆమె తుడిచింది. పోలేదు.

హాలు మీద నా ప్రధాన ఫిర్యాదు ఇదే. వైట్‌బోర్డు ట్రేలో తుడిస్తే పోయే మార్కర్లతో పాటు, అట్టపెట్టెల మీద రాసే పర్మనెంట్ మార్కరు కూడా పెట్టారు. రెండూ నలుపే, రెండూ ఒకే లావు. ముందు తడిగుడ్డతో, తర్వాత చేతులకు రాసుకునే శానిటైజరుతో, చివరికి కింది నుంచి తెచ్చిన కొబ్బరినూనెతో ముగ్గురు అరగంట రుద్దినా అక్షరాలు బూడిదరంగుకు తిరిగాయే తప్ప చెదరలేదు. సాధారణంగా ఎవరూ రాతలో పెట్టని మూడు పేర్లు అలా చక్కని గుండ్రని అక్షరాలతో గోడకు నిలిచిపోయాయి. బోర్డు పాడైందని అడ్వాన్సులో 300 రూపాయలు పట్టుకున్నారు. మార్కరు పెట్టింది మీరే కదా అన్నా యజమాని ఫోనులో ఒప్పుకోలేదు. ఇది న్యాయం కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

అయినా ఏప్రిల్‌లో మళ్లీ అక్కడికే వెళ్లాం, వరండా కోసమే. అప్పటికి మదురైలో పని ముగిసింది. 85 స్థానాల కేంద్ర కమిటీ ఎన్నికైంది, ప్రధాన కార్యదర్శిగా బేబీ ఎన్నికయ్యారు. కేరళ రాష్ట్ర పార్టీ నుంచి ఆ పదవికి ఇ. ఎం. ఎస్. నంబూద్రిపాద్ తర్వాత వచ్చింది ఆయనే. మహారాష్ట్రకు చెందిన డి. ఎల్. కరాడ్ నాయకత్వం ప్రతిపాదించిన ప్యానెల్‌కు బయట కేంద్ర కమిటీకి పోటీ చేసి, 31 ఓట్లు తెచ్చుకొని ఓడిపోయారు. ఆ 31 మీద వరండాలో గంటసేపు చర్చ జరిగింది. పోటీ పెట్టడం క్రమశిక్షణకు భంగమా అని ఒకరు, ఓటు ఉన్నది వేయడానికే కదా అని మరొకరు వాదించారు. 2015 విశాఖ మహాసభలో వాలంటీరుగా పనిచేసిన ఒకాయన, అక్కడ ఏచూరికీ రామచంద్రన్ పిళ్లైకీ మధ్య పోటీ తప్పదని చివరి రోజు వరకు అందరూ అనుకున్నారని, చివరికి పేరు ఏకగ్రీవంగానే వచ్చిందని చెప్పారు. తెర వెనుక తేలడం కంటే లెక్కపెట్టి తేలడమే ఆరోగ్యమని నేను అన్నాను. ముగ్గురు ఒప్పుకున్నారు, మిగిలినవాళ్లు టీ తాగారు.

బోర్డు మార్చలేదు. మా మూడు పేర్లూ బూడిదరంగులో అలాగే ఉన్నాయి, వాటి చుట్టూ ఎవరిదో పుట్టినరోజుకు అంటించిన బుడగల తాలూకు టేపు ముక్కలు అంటుకొని ఉన్నాయి. బోర్డు మార్చనప్పుడు 300 ఎందుకు పట్టుకున్నారని అడిగితే, చాలా బేరమాడాక 150 అద్దెలో తగ్గించారు. మార్కరూ డస్టరూ ఇంటి నుంచి తీసుకెళ్లండి, మెట్ల దగ్గర పెద్దవాళ్లకు తోడుగా ఒకరిని నిలబెట్టండి, మైకు అడగకండి. రసీదు మాత్రం అడిగి తీసుకోండి, ఇస్తారు. అందులో ‘ఏ నిమిత్తం’ అన్న గడిలో రాజకీయం రాయకూడదని యజమాని ఆజ్ఞ కాబట్టి, మా ఏప్రిల్ రసీదు మీద కేర్‌టేకర్ బోర్డు వైపు ఒకసారి చూసి ‘బేబీ ఫంక్షన్’ అని రాసిచ్చారు.