సాంఘిక శాస్త్రం హోంవర్క్ కోసం చందా కట్టబోతున్నవారికి హెచ్చరిక

పిల్లల హోంవర్క్ ప్రశ్నలకు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులతో జవాబులు రాయిస్తామని ప్రకటించుకునే యాప్ ఒకటి ఉంది. మా అబ్బాయి కోసం దానికి చందా కట్టాము, సాంఘిక శాస్త్రం ప్రశ్నలు పంపాము. ప్రతి జవాబు కింద ‘ఉపాధ్యాయులు సరిచూశారు’ అని ముద్ర వేసి పంపారు. ఆ ముద్ర పచ్చి అబద్ధం.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో చేసుకున్న వర్సెయిల్స్ సంధి 1918 నవంబరు 11న కుదిరిందని రాశారు. ఆ రోజు కుదిరింది పోరు ఆపేందుకు చేసుకున్న యుద్ధ విరమణ ఒప్పందం. సంధి మీద సంతకాలు జరిగింది 1919 జూన్ 28న. ఆ యుద్ధం తర్వాత శాంతిని కాపాడేందుకు దేశాలు కలిసి పెట్టుకున్న నానాజాతి సమితి ఎందుకు బలహీనపడిందన్న ప్రశ్నకైతే, అది అమెరికా నాయకత్వంలో నడిచిందంటూ మొదలుపెట్టారు. అమెరికా అధ్యక్షుడు విల్సన్ ఎంత పట్టుబట్టినా ఆ దేశపు చట్టసభలోని సెనేట్ ఆమోదించకపోవడంతో అమెరికా అందులో ఎన్నడూ చేరనే లేదు, ఆ ప్రశ్నకు రాయవలసిన ముఖ్య కారణాలలో అదొకటి.

గ్రీనిచ్‌లో (0 డిగ్రీల రేఖాంశం) మధ్యాహ్నం 12 గంటలైనప్పుడు 45 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద సమయమెంత అన్న లెక్కకు ఉదయం 9 అని జవాబిచ్చారు. 15 డిగ్రీలకు ఒక గంట చొప్పున తూర్పుకు వెళ్లేకొద్దీ కలపాలి గనుక మధ్యాహ్నం 3 కావాలి. ఈ తప్పును మా అబ్బాయే పట్టుకున్నాడు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, తూర్పున ఉన్నవారికి సూర్యుడు ముందే ఉదయించాలి కదా, మరి గంటలు ఎందుకు తీసివేశారు సార్ అని వాళ్ల చాట్‌లో ఎంతో మర్యాదగా అడిగాడు.

దానికి వచ్చిన సమాధానం ఇది: “అంత తెలిసినవాడివి మమ్మల్ని అడగడం దేనికి? ఇచ్చింది రాసుకో, లేదంటే మానెయ్.” ఆ వెంటనే చాట్ మూసేశారు. సరిగ్గా ఆలోచించి, సరైన ప్రశ్న అడిగిన పిల్లవాడికి చదువు చెప్పేవారమని డబ్బు తీసుకున్నవారు ఇచ్చిన జవాబు అది. ఫోన్ నా చేతికిచ్చి, “నేను తప్పుగా అడిగానా?” అన్నాడు. డబ్బు పోయినందుకంటే, వాడికి ఆ అనుమానం కలిగించినందుకే నాకు కోపం ఇంకా తగ్గడం లేదు. నేను స్వయంగా ఫిర్యాదు రాస్తే, జవాబు ఒకసారి తెరిచి చూశాక సొమ్ము వాపసు ఉండదని ఒక్క ముక్కలో తేల్చేశారు. తెరవకుండా అది తప్పని ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

చందా కట్టేముందు జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్న ఒకటి, వీలైతే రేఖాంశాల లెక్కే, ఉచితంగా అడిగి చూడండి. తేదీలను పాఠ్యపుస్తకంతో సరిచూడకుండా పిల్లలను నోట్సులోకి ఎక్కించనివ్వకండి. ఇప్పటికే కట్టినవారు యాప్‌ను తొలగించినంత మాత్రాన చందా ఆగిపోదని గుర్తుంచుకుని, ఫోన్ సెట్టింగుల్లో చందాల విభాగానికి వెళ్లి దానిని విడిగా రద్దు చేసుకోండి.