హిజ్కియా సొరంగం నుండి యెరికో దిబ్బ దాకా

బైబిలు చరిత్రకు తవ్వకాలలో ఎంత సాక్ష్యం దొరికిందో కళ్లారా చూడాలన్న కోరికతో, యెరూషలేము యాత్రలో మేము మూడు రోజులు అందుకోసమే ఉంచుకున్నాము.

చూసిన వాటిలో, పాత నగరం పక్కనే తవ్వకాలు జరిగిన దావీదు నగరంలోని హిజ్కియా సొరంగం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండయాత్ర కాలంనాటి యూదా రాజైన హిజ్కియా పట్టణంలోనికి నీళ్లు రప్పించాడని 2 రాజులు 20:20 చెబుతుంది. రెండు వైపుల నుండి రాతిని తొలుచుకుంటూ వచ్చిన పనివారు మధ్యలో కలుసుకున్నారని 1880లో ఇక్కడే దొరికిన శాసనం చెబుతుంది. 533 మీటర్ల చీకటిలో మోకాళ్ల లోతు నీటిలో నడుస్తూ, ఉలి గాట్ల దిశ మారిన చోటును చేతితో తడిమి చూశాను. టార్చిలైటు, తడిసినా పాడుకాని చెప్పులు తప్పనిసరి. మోకాళ్ల నొప్పుల వల్ల మా అమ్మగారు పక్కనున్న నీరు లేని సొరంగం గుండా వెళ్లారు. శనివారం ప్రవేశం ఉండదు.

ఇజ్రాయెల్ మ్యూజియానికి మేము ఒక పూటే కేటాయించడం పొరపాటు. 'దావీదు ఇల్లు' (అంటే దావీదు రాజవంశం) అన్న మాట ఉన్న టెల్ దాన్ శాసనం, 1961లో కైసరయలో బయటపడిన, యేసుకు మరణశిక్ష విధించిన రోమా అధిపతి పిలాతు పేరుగల రాయి అక్కడే ఉన్నాయి. 1979లో దొరికిన చిన్న వెండి రేకుల ముందు అమ్మగారు చాలాసేపు నిలబడిపోయారు. మన సంఘాలలో ఆరాధన ముగింపున వినే "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అన్న దీవెన మృత సముద్రపు చుట్టలనే పాత బైబిలు చేతిరాతలకన్నా ముందే వాటిపై చెక్కబడింది.

యెరికోలో మాత్రం నాకు బాధ కలిగింది. ఒక మట్టి ఇటుకల గోడను చూపి, ఇది బైబిలులోని ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ కూల్చినదేనని మా గైడు పెద్దవారికి నిశ్చయంగా చెప్పాడు. 1952-58 మధ్య అక్కడ తవ్విన పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్ ఆ నగర నాశనాన్ని సుమారు క్రీ.పూ. 1550 నాటిదిగా నిర్ణయించారు. యెహోషువ కాలంగా సాధారణంగా భావించే కాలానికి అది చాలా ముందు. ఆ మాట దాచకుండా చెప్పి ఉంటే మా విశ్వాసానికి వచ్చే నష్టమేమీ లేదు.

బస విషయానికి వస్తే, బేత్లెహేము హోటలులో ఖర్చు తక్కువ, రాత్రి అన్నం దొరికింది; కానీ ఉదయం చెక్‌పోస్టు దగ్గర గంటకు పైగా గడిచిపోయేది. పాత నగరంలోని కాన్వెంటు అతిథిగృహంలో గదులు ఇరుకు, మెట్లు ఎక్కువ, అయినా దావీదు నగరానికి నడిచి వెళ్లవచ్చు. మళ్లీ వెళితే అన్ని రాత్రులూ అక్కడే ఉంటాను, మ్యూజియానికి పూర్తి రోజు కేటాయిస్తాను.